రుక్కమ్మ చెంబు పాఠం

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే కథ మధ్యలో మీరే కనిపెట్టి "ఈ మనిషికి ఇంత చిర్రెందుకు" అంటారు. మా నాన్నకు కోపం రాకపోయేది. ఆయన నగరంలో ఒక రికార్డు దఫ్తరులో నకలు రాసే గుమాస్తా. ముప్పై ఏళ్లు దుమ్ము పట్టిన కాగితాల మధ్య కూర్చుని కోపగించుకోవడం కూడా మరచిపోయాడు. ఆయనకు రావలసిన కోపమంతా కూడా నాకే వచ్చిందని మా అమ్మ అనేది.

నా పేరు వెంకటనారాయణ. 1949లో నాకు ఇరవై ఏడేళ్లు. నగరంలోని షాలిబండలో పుట్టాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఉర్దూలో చదువుతూ పెరిగాను. సైన్సంతా ఉర్దూలోనే నేర్చుకుని, పరీక్షలు ప్యాసై, అంతకు నాలుగేళ్ల ముందే కొండాపూర్ బడికి సైన్సు పంతులుగా వచ్చాను. కొండాపూర్ అంటే అప్పుడు బండలు, బండల సందున సీతాఫలం చెట్లు, జొన్న చేలు, ఓ నూట యాభై గడపలు. లింగంపల్లి స్టేషనులో రైలు దిగి సైకిలు తొక్కుకుంటూ రావాలి. వచ్చిన వారానికే తిరిగి వెళ్లిపోదామనుకున్నాను. మూడో నెలకి ఆ మాటే మరచిపోయాను. బడి పక్కనే పెంకుటిల్లు కిరాయికి దొరికింది. నా భార్య సీతాబాయి పెరట్లో చిక్కుడు పాదు పెట్టింది. పొద్దున్నే వేడి జొన్నరొట్టె తిని, పది అడుగులు వేసి బడికి వెళ్లేవాణ్ని. మా నాన్న దఫ్తరు గుర్తొచ్చినప్పుడల్లా ఆ పది అడుగులూ నెమ్మదిగా వేసేవాణ్ని.

ఇంత సుఖంగా ఉన్నవాణ్ని నోరు మూసుకుని ఉండొచ్చు కదా! ఉండలేదు.

వానాకాలం చివర ఒకరోజు సీత బావి నుంచి రెండు నిండు బిందెలు ఒకేసారి మోసుకొచ్చింది. ఆ రాత్రి నుంచి కడుపునొప్పి. లింగంపల్లి దవాఖానకు వెళ్లి ఎర్రటి అరకు మందు సీసా ఒకటి తెచ్చాను. మూడు రోజులు తాగింది, తగ్గలేదు. నాలుగో రోజు బడికి వెళ్లాక కళ్లజోడు మరచిపోయానని గుర్తొచ్చి ఇంటికి తిరిగొచ్చాను.

నడవలో చాప మీద సీత వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె పొట్ట మీద ఇంత పెద్ద కంచు చెంబు బోర్లించి ఉంది. పక్కన రుక్కమ్మ కూర్చుని వక్క నములుతోంది.

రుక్కమ్మ ఎవరో కొండాపూర్లో చెప్పక్కర్లేదు, మీకు చెప్పాలి. అరవై ఏళ్ల మనిషి, పుల్లలాగా ఉంటుంది, గొంతు మాత్రం ఊరి అవతలికి వినిపిస్తుంది. బరువెత్తి ఎవరికైనా పొట్టలో నొప్పి వస్తే, బొడ్డు పక్కకు జరిగిందని చెప్పి ఆమెను పిలుస్తారు. పరగడుపున పడుకోబెట్టి, బొడ్డు మీద పిండిముద్ద పెట్టి, అందులో నూనె ఒత్తి గుచ్చి వెలిగించి, దాని మీద చెంబు బోర్లిస్తుంది. ఒత్తి ఆరిపోతుంది, చెంబు పొట్టను పట్టేస్తుంది. కాసేపు అలా ఉంచి తీసేస్తుంది. ఇదే ఆమె వైద్యం. ఆమె అత్త నేర్పిందట.

నాకు అవేవీ తెలియవు. నా భార్య పొట్ట మీద చెంబు చూశాను, అంతే. "ఏందిది?" అని అరిచి రెండు చేతులతో చెంబు పట్టుకుని గుంజాను. చెంబు రాలేదు. చెంబుతో పాటు సీత లేచింది. "అమ్మో!" అని ఆమె పెట్టిన కేకకు పెరట్లో కోళ్లన్నీ చెల్లాచెదరయ్యాయి.

రుక్కమ్మ నా చేతి మీద ఫట్టుమని ఒక్కటి వేసింది.

"గుంజకు సారూ! గుంజితె వస్తదా అది? దాని సంగతి ఎర్కలేకుంట చెయ్యి పెడ్తవేంది?"

చెంబు అంచు పక్కన చూపుడువేలు పెట్టి పొట్టను కొంచెం లోపలికి నొక్కింది. తుస్సుమంది. చెంబు తేలిగ్గా ఆమె చేతిలోకి వచ్చేసింది. సీత పొట్ట మీద గుండ్రంగా ఎర్రటి వలయం మిగిలింది.

నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. మోసమన్నాను. దొంగ వైద్యమన్నాను. మళ్లీ నా గడప తొక్కితే బాగుండదన్నాను. రుక్కమ్మ అంతా విని చెంబును కొంగులో చుట్టుకుంది.

"మంచిది సారు, నీ గడప తొక్క. నీ కితాబుల లేనిదంత మోసమే గద."

మర్నాటికి సీత నొప్పి తగ్గింది. నా అరకు వల్లే అన్నాను. సీత అరకు సీసా తీసి మిగిలింది కిటికీలోంచి బయట పారబోసింది.

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. బడిలో ఎనిమిదో తరగతి పిల్లల ముందు నిలబడి, "చెంబు పెడితే నొప్పి పోతుందని ఎవరు చెప్పినా నమ్మకున్రి, అది ఉత్త గారడీ, అది చేసేటోళ్లు మోసగాండ్లు" అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. సాయంత్రానికి అది అక్షరం పోకుండా రుక్కమ్మకు చేరింది. ఆ తర్వాత ఆమె నాకు ఎదురుపడితే దారి మధ్యలో నుంచి పక్కకు తప్పుకుని, నేను వెళ్లేదాకా వినయంగా నిలబడేది. తిట్టినా బాగుండేది.

దసరా సెలవులు అయిపోయాక పై నుంచి ఉత్తరువు వచ్చింది. ఇకమీదట సైన్సుతో సహా పాఠాలన్నీ పిల్లల మాతృభాషలోనే చెప్పాలి. నవంబరులో తనిఖీ అధికారి వచ్చి తరగతిలో కూర్చుంటారు. తెలుగులో పాఠం చెప్పలేని పంతుళ్లను బడి నుంచి తీసి నగరంలో దఫ్తరు పనికి వేస్తారు. కింద దఫ్తరు పేరు కూడా రాసి ఉంది. మా నాన్న ముప్పై ఏళ్లు కూర్చున్న దఫ్తరే అది.

తెలుగు నా మాతృభాషే కదా, ఏం కష్టమని మీరు అడగొచ్చు. సీతతో పోట్లాడటానికి తెలుగు వచ్చు. కూరగాయలు బేరమాడటానికి వచ్చు. గ్యాసుల సూత్రాలు చెప్పడానికి మాత్రం రాదు. నా తలలో ఒత్తిడి దబావ్, పరిమాణం హజమ్, వేడి హరారత్. ఇన్నాళ్లూ బోర్డు మీద ఉర్దూలో రాస్తే పిల్లలు దించుకున్నారు, అడిగితే అప్పజెప్పారు. వాళ్లకు అర్థమైందనే అనుకున్నాను.

తెలుగులో చెప్పిన మొదటి రోజు నా బండారం బయటపడింది. కోస్తా వైపు నుంచి ఎవరో పంపిన మాటల పట్టీ చూసి బోర్డు మీద "పీడనము" అని రాశాను. వెనక బెంచీలో మొగిలి లేచాడు. వాడు పదహారేళ్ల వాడు, రెండు మూడేళ్లు చదువు మానేసి మళ్లీ చేరాడు, నాకంటే బెత్తెడు పొడుగు.

"సార్, గాలికి గూడ పీడ పడ్తదా?"

తరగతంతా నవ్వింది. నేను డస్టరు విసిరాను. అది మొగిలికి తగల్లేదు, గోడకు తగిలింది. ఆ పట్టీని చించేసి, నాకు వచ్చిన తెలుగులో మొదలుపెట్టాను. గాలి వేడెక్కితే దానికి ఎక్కువ జాగా కావాలి, చల్లబడితే తక్కువ జాగాలో సర్దుకుంటుంది, ఇది చార్లెస్ అనే ఆయన కనిపెట్టిన సంగతి అన్నాను. మొగిలి మళ్లీ లేచాడు. ఈసారి వాడి మొహంలో నవ్వు లేదు.

"సార్, గట్లయితె రుక్కమ్మ చెంబు గదే గద? దీపం మీద బోర్లిస్తె లోపటి గాలి ఎచ్చగుంటది. దీపం ఆరినంక సల్లవడి తక్కువ జాగల సర్దుకుంటది. గప్పుడు పొట్ట లోపటికి పోతది. మరి మోసమని జెప్తిరి?"

పంతొమ్మిది మంది నన్నే చూస్తున్నారు. నాకు జవాబు తెలుసు. జవాబు తెలిసినప్పుడే నాకు మరీ కోపం వస్తుంది.

"బెంచీ ఎక్కు," అన్నాను. మొగిలి బెంచీ ఎక్కాడు. వాడి తల దూలానికి తగులుతోంటే మెడ వంచుకుని గంట కొట్టేదాకా నిలబడ్డాడు.

ఆ సాయంత్రం వంటింట్లో కూర్చున్నాను. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో దీపం పెట్టి, మా ఇంటి చెంబు బోర్లించాను. దీపం ఆరింది. నీళ్లు మెల్లగా చెంబులోకి ఎక్కాయి. చెంబు మీద తడిబట్ట వేశాను. ఇంకొంచెం ఎక్కాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. ఏళ్ల తరబడి బోర్డు మీద గీతలు గీసి చెప్పిన చార్లెస్ సూత్రం నా పెళ్లాం పొట్ట మీద కూర్చుని ఉంటే, దాన్ని పట్టుకుని గుంజాను! నాకు నిజంగా సిగ్గేసింది. చెంబుతో నొప్పి తగ్గుతుందా లేదా అన్నది ఈనాటికీ నాకు తెలియదు. చెంబు పట్టడం మాత్రం గారడీ కాదు.

సీత పొయ్యి దగ్గర రొట్టె తడుతూ అంతా చూసింది.

"తనిఖీకి గిదే చూపెట్టున్రి. పిల్లలకు ఎర్కున్న సంగతే గద. పోయి రుక్కమ్మను చెంబు అడుగున్రి."

మా చెంబు పనికిరాదని నాకూ తెలుసు. దాని అంచు పలచన, రెండుచోట్ల సొట్టలు. నీళ్లలో అయితే పరవాలేదు, ఒంటి మీద పెడితే గాలి దూరుతుంది. రుక్కమ్మ చెంబు అంచు మందంగా ఉండి, ఏళ్ల తరబడి వాడకంతో నున్నగా అరిగింది. మర్నాడు వెళ్లాను. ఆమె అరుగు మీద కూర్చుని చాటలో జొన్నలు చెరుగుతోంది.

"రుక్కమ్మా, నీ చెంబు కావాలె."

"ఎందుకు సారు? మోసం నేర్చుకోనీకా?"

సమాధానం చెప్పాలి కదా. తప్పయిందని అనడానికి నోరు తెరిచాను కూడా. నోట్లోంచి "ఇస్తే ఇయ్యి, లేకుంటె లేదు!" అని వచ్చింది. ఆమె చాట ఎగరేసింది. జొన్నపొట్టు అంతా నా మొహాన పడింది. ఇంటికి వచ్చేశాను.

"మాఫీ అడిగినరా?" అంది సీత.

"అడగలే."

"మరి చెంబు ఎట్లిస్తది?"

సీతే వెళ్లింది. ఏం మాట్లాడిందో తెలియదు, చెంబుతో వచ్చింది. "ఒత్తి చిటికెన గోరంతే పెట్టాల్నంట. అంతకంటె పెద్దది పెట్టొద్దని పదిసార్లు చెప్పింది. ఇంటున్నరా?" అంది. వింటున్నానన్నాను.

తనిఖీ రోజు రానే వచ్చింది. వచ్చిన అధికారి పేరు రామచంద్రం గారు. కోస్తా నుంచి కొత్తగా వచ్చిన మనిషి, తెల్లటి పంచె, చేతిలో నల్ల అట్ట పుస్తకం, మాటకు ముందొక అండి, వెనకొక అండి. తరగతిలో కుర్చీ గోడ పక్కకు జరుపుకుని కూర్చున్నారు.

"పాఠం మీరు చెప్పండి మాస్టారూ. ప్రశ్నలు నేను అడుగుతానండి. పిల్లలు బట్టీ పట్టింది కాకుండా సొంతంగా, తెలుగులో చెప్పాలి. అంతే నాకు కావలసింది."

చెంబు, పిండిముద్ద, ఒత్తి, అగ్గిపెట్టె బల్ల మీద పెట్టాను. ఎవరు వచ్చి పడుకుంటారని అడిగాను. ఒక్కడూ కదల్లేదు. మొగిలిని చూశాను.

"నాకు నొప్పి లేదు సార్," అన్నాడు.

మిగతా వాళ్లకు కూడా ఆ పూట ఎవరికీ నొప్పి లేదు. రామచంద్రం గారు గడియారం చూసుకున్నారు. నేను చొక్కా పైకి లాగి, బల్ల మీద వెల్లకిలా పడుకున్నాను. పిల్లలకు అంత సంతోషం దసరా సెలవులిచ్చినప్పుడు కూడా కలగలేదు. వెనక బెంచీలు ఖాళీ అయి అందరూ బల్ల చుట్టూ చేరారు.

ఇక ఒత్తి సంగతి. చిటికెన గోరంత అని రుక్కమ్మ చెప్పింది. కానీ నేను శాస్త్రం చదివినవాణ్ని. వేడి ఎంత ఎక్కువైతే చెంబులో గాలి అంత ఎక్కువ బయటికి పోతుంది, చల్లబడ్డాక పట్టు అంత ఎక్కువ ఉంటుంది. అధికారికి బాగా కనిపించాలి కదా అని బొటనవేలంత ఒత్తి చేశాను. లెక్కలో తప్పులేదు. పొట్ట నాదన్న సంగతి ఒక్కటే లెక్కలో వేసుకోలేదు.

మొగిలి ఒత్తి వెలిగించి చెంబు బోర్లించాడు. మంట ఆరింది. ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. తర్వాత నా పొట్ట నన్ను వదిలి చెంబులోకి బయల్దేరింది.

"చూసిన్రా పిల్లలూ," అన్నాను. "లోపటి గాలి... సల్లవడుతున్నది... అబ్బా... గందుకని..."

"బాగానే ఉన్నారా మాస్టారూ?" అన్నారు రామచంద్రం గారు.

"బాగున్ననండి!" అని అరిచాను.

బాగా లేను. చెంబు పట్టుకుని గుంజాను. రాలేదు. ఇద్దరు పిల్లలు చెరోవైపు పట్టుకుని గుంజారు. ఆ రోజు సీత లేచినట్టే నేనూ బల్ల మీద నుంచి లేచాను. నా కేక ఇంటిదాకా వినిపించిందని సీత తర్వాత చెప్పింది. మొగిలి మొహం పాలిపోయింది. పాపం, వాడికి నేను కాలిపోతున్నానేమో అనిపించింది. బోర్డు తుడిచే గుడ్డను కుండలో ముంచి, నీళ్లు కారుతున్నదాన్ని తెచ్చి చెంబు మీద కప్పాడు. చెంబు ఇంకా బిగిసింది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఓరి మొగిలిగా, తడిబట్ట తియ్యిరా! సల్లవడ్డకొద్ది ఇంక గట్టిగ పడ్తదని ఎర్కలేదా?"

గుమ్మంలో రుక్కమ్మ! మొదటి నుంచీ ఆమె కిటికీ అవతలే నిలబడి ఉందట. తన చెంబుకు ఏమవుతుందోనని చూసుకోవడానికి వచ్చానని చెప్పింది. ఆమె బల్ల దగ్గరికి రాబోయింది. రామచంద్రం గారు చెయ్యెత్తారు.

"ఒక్క నిమిషం ఆగండమ్మా. చల్లబడితే ఎందుకు పట్టుకుంటుంది? పిల్లలు చెప్పాలి."

అలా నేను బల్ల మీద, చెంబు నా మీద ఉండగా పరీక్ష మొదలైంది.

"లోపటి గాలి ఎచ్చగున్నప్పుడు చెంబు నిండ ఉంటది సార్," అన్నాడు మొగిలి. "సల్లవడితె తక్కువ జాగల సర్దుకుంటది. బట్ట తడిది గదా, ఇంక సల్లగయింది. గందుకె ఇంక బిగిసింది. తప్పు నాదే సార్."

"తప్పు తర్వాత. దీపం గాలిని తినేసిందనీ, అందుకే చెంబు పట్టిందనీ నేనంటానండి. ఏమంటావు?"

మొగిలి ఒక క్షణం ఆలోచించాడు. నేను మూలిగాను.

"అంతె అయితే దీపం ఆరంగనే అయిపోవాలె గద సార్. ఆరినంక తడిబట్ట ఏస్తె ఎందుకు బిగిసింది? ఎచ్చటి నీళ్లు పోస్తె ఎందుకు సడలుతది? రుక్కమ్మవ్వ గట్ల గూడ తీస్తది, నేను జూసిన."

"మరి మీ మాస్టారి పొట్టను లోపలికి లాగుతున్నది ఎవరండీ?"

"చెంబు!" అని తరగతంతా అరిచింది. రుక్కమ్మ కూడా, "చెంబే, ఇంకెవ్వరు?" అంది.

ముందు వరుసలో ఐలయ్య అనే బక్కపిల్లవాడు ఉంటాడు. ఏడాదంతా నోరు విప్పడు. వాడు నా పొట్టను దగ్గరగా చూస్తూ, తనలో తాను అన్నట్టు అన్నాడు: "ఎవ్వలు గుంజుతలేరు. బయట గాలి నూకుతున్నది. లోపటిది పల్చగయింది గద, ఎదురు ఒత్తనీకి దానికి తాకత్ లేదు."

రుక్కమ్మ తల తిప్పి ఆ పిల్లవాణ్ని అలా చూస్తూ ఉండిపోయింది. నేను కూడా నొప్పి ఒక్క క్షణం మరచిపోయాను. ఇన్నేళ్లూ ఉర్దూలో అప్పజెప్పించిన పాఠంలో ఆ మాట ఒక్కడూ సొంతంగా అనలేదు.

"అయ్యా," అంది రుక్కమ్మ, "మీ సవాళ్లు అడుగుడు అయిపోతె ఈ సారును ఇడిపిస్త. పానం పోయేటట్టున్నది."

వేలు పెట్టి నొక్కింది. తుస్సుమంది. నేను లేచి కూర్చున్నాను. పొట్ట మీద వలయం ఎరుపు దాటి నీలం రంగుకు తిరిగింది. పిండిముద్దలోంచి మాడిన ఒత్తిని రెండు వేళ్లతో తీసి రుక్కమ్మ నాకు చూపించింది. నేను తల దించుకున్నాను.

రామచంద్రం గారు పుస్తకం తెరిచి కలం తీశారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చాలా పాఠాలు చూశానండి, ఇలాంటిది చూడలేదు. చెంబుతో గ్యాసు సూత్రం! మాస్టారూ, ఇది మీ సొంత పద్ధతేనా?"

అవునంటే అయిపోతుంది. పెంకుటిల్లు, చిక్కుడు పాదు, పది అడుగుల దారి, అన్నీ నాకు ఉంటాయి. కాదంటే ఏమవుతుందో తెలియదు. మా నాన్న కూర్చున్న చెక్క కుర్చీ కళ్ల ముందు కనబడింది. రుక్కమ్మ మా ఇద్దరి వైపూ చూడకుండా చెంబును కొంగుతో తుడుచుకుంటోంది. ఈ మాట తనకు సంబంధించింది కాదన్నట్టు తుడుస్తోంది. నాకు కోపం వచ్చింది. ఈసారి నా మీద నాకే.

"కాదండి," అన్నాను. "ఇది ఈ రుక్కమ్మది. రెండు నెలల కింద ఈమె మా ఇంట్ల నా భార్యకు చెంబు పెడితె నేను గుంజి, తిట్టి ఎళ్లగొట్టిన. ఇదే గదిల, ఈ పిల్లల ముంగట నిలవడి మోసగత్తె అన్న. చెంబు పట్టుడు గారడీ కాదని మొగిలి చెప్తె బెంచీ ఎక్కించిన. వాడు చెప్పేదాంక నాకు తట్టలే. రుక్కమ్మా, మోసమని ఏ గదిల అన్ననో ఆ గదిలనే చెప్తున్న. తప్పు నాది. మాఫ్ చెయ్యి."

రామచంద్రం గారి కలం ఆగిపోయింది.

"అయితే ఈ పాఠంలో మీరు చేసిందేమిటండీ?"

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను.

"ఒత్తి పెద్దది పెట్టిననండి," అన్నాను.

ముందు మొగిలి నవ్వాడు. తర్వాత రామచంద్రం గారు నవ్వారు. పంచె కొంగుతో కళ్లు తుడుచుకునేంత నవ్వారు. ఆ తర్వాత చాలాసేపు రాశారు. రాసింది పైకి చదివారు: "పిల్లలకు పాఠం తెలుగులో క్షుణ్ణంగా తెలిసినది. సైన్సు ఉపాధ్యాయుని మార్చనక్కరలేదు. ఒత్తి మార్చవలెను."

నేను ఇంకా చొక్కా పైకి ఎత్తి పట్టుకునే బల్ల మీద కూర్చున్నాను.

"ఇగ సాలు తియ్యి సారు," అంది రుక్కమ్మ. "అంగి కిందికి గుంజుకో, పోరగాండ్లు సూస్తున్రు."

చెంబు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. మళ్లీ లోపలికి వచ్చి ఐలయ్య ముందు నిలబడింది.

"ఏమన్నవ్ బిడ్డా? బయట గాలి నూకుతదంటివా? మా అత్త నాడు నేర్పిన సంది చెంబు గుంజుతదనే అనుకుంటున్న. గంత గాలి నా మీద గూడ ఉన్నదా?"

"ఉన్నదవ్వా," అన్నాడు ఐలయ్య.

"మరి నాకు తెలుస్తలేదేంది?"

వాడు నా వైపు చూశాడు. రుక్కమ్మ కూడా చూసింది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది.

"రేపటి పాఠం గదే రుక్కమ్మా. రా, చెప్త."

"రేపు జొన్న కోత ఉన్నది. ఎల్లుండి చెప్పు."

పాఠం ఎల్లుండికి మార్చాను. ఆమె వచ్చింది, ఐలయ్య పక్కన కింద కూర్చుంది, పద్నాలుగు ప్రశ్నలు అడిగింది. వాటిలో మూడింటికి నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను, కోపం రాలేదు.

ఆ బడిలో ఇంకో ఆరేళ్లు ఉన్నాను. ఏటా గ్యాసుల పాఠం దగ్గరికి రాగానే సీత వెళ్లి రుక్కమ్మను పిలుచుకొచ్చేది. ఒత్తి రుక్కమ్మే చేసేది, చిటికెన గోరంత. చెంబు ఆమే పెట్టేది, ఆమే తీసేది, ఎవరు గుంజుతున్నారో ఎవరు నూకుతున్నారో పిల్లల చేత ఆమే చెప్పించేది. బల్ల మీద పడుకునేది మాత్రం ఏటా నేనే. ఆ షరతు మీదే ఆమె వచ్చేది.